టెస్టింగ్ అయితే ఆరింటికి ఇంటికెళ్ళొచ్చట!

పోయిన నెలలో ఒక ఆదివారం మా అక్క కూతురు హాస్టల్ నుంచి మా ఇంటికి వచ్చింది. ఖమ్మం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో బి.టెక్ పూర్తి చేసింది. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. రానివాళ్ళందరూ ఎక్కడికి వస్తారో అక్కడికే, అమీర్‌పేటకే వచ్చింది. ఎస్.ఆర్. నగర్‌లో లేడీస్ హాస్టల్, మైత్రీవనం పక్క సందులో కోర్ జావా బ్యాచ్. రెండు నెలలయింది. భోజనం అయ్యాక బ్యాగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. మధ్యలో గీత గీసి ఒక పక్క డెవలప్‌మెంట్, ఇంకో పక్క టెస్టింగ్ అని రాసుకుంది. డెవలప్‌మెంట్ కింద స్ప్రింగ్, హైబర్నేట్, మైక్రోసర్వీసెస్, పోటీ ఎక్కువ, రాత్రుళ్ళు కాల్స్. టెస్టింగ్ కింద సెలీనియం, త్వరగా అయిపోతుంది, ఆరింటికి ఇంటికెళ్ళొచ్చు, ఆ కింద రెండుసార్లు గీత కొట్టి ‘లేడీస్‌కి సూటబుల్’.

“ఇదంతా ఎవరు చెప్పారే?” అన్నాను.

“ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సిలర్ మేడమ్ చెప్పింది పిన్నీ. నాన్న కూడా అదే అన్నాడు. పెళ్ళయ్యాక కూడా ఇబ్బంది ఉండదని అమ్మ అంది. సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పి ఫీజు కట్టాలి.”

నేను కాగితం చూసి కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, “ఒకందుకు టెస్టింగే నయమేమోనే” అన్నాను.

అది నన్ను తేరిపార చూసి “నువ్వు కూడానా పిన్నీ?” అంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. స్త్రీల సాహిత్యం మీద పిహెచ్.డి. చేసి, శ్రమ విభజన గురించి సెమినార్లలో పేపర్లు చదివి, ఇంటి పనికి విలువ లేకపోవడం గురించి పుటలకు పుటలు రాసిన నేను, ఇరవై రెండేళ్ళ పిల్ల అడిగిన మొదటి నిజమైన ప్రశ్నకి ఇన్‌స్టిట్యూట్ కౌన్సిలర్ చెప్పిన జవాబే చెప్పాను. పైగా ప్రేమతో చెప్పాను. దాని మంచి కోరి చెప్పాను. మా బావగారూ అంతే, మా అక్కా అంతే. ఇంతమంది మంచి కోరేవాళ్ళు ఒకే మాట అంటున్నప్పుడు ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి కదా.

ముందుగా ఒక అపార్థం తొలగించాలి. టెస్టింగ్ తక్కువ పని అని నేను అనడం లేదు. ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్ ఎక్కడ విరుగుతుందో ఊహించగలగడం చిన్న విద్య కాదు. వయసు అడిగిన చోట సున్నా ఇస్తే ఏమవుతుంది, ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది, ఇద్దరు ఒకే క్షణంలో ఒకే సీటు బుక్ చేస్తే ఎవరికి దొరుకుతుంది, ఇలాంటివి అడిగే బుద్ధి అది. సాహిత్య విమర్శకి దగ్గరి చుట్టం. సెలీనియం కూడా ఊరికే బటన్లు నొక్కడం కాదు. బ్రౌజర్‌ని మనిషిలా నడిపించే ప్రోగ్రాములు జావాలోనో మరో భాషలోనో రాయాలి. అంటే మా పిల్ల అటు వెళ్ళినా జావా తప్పదు. తప్పేది ఏమిటంటే, దాన్ని ప్రోగ్రామర్ అని పిలవడం.

నా గొడవ ఆ కాగితం మీద రెండుసార్లు గీత కొట్టిన మాటతోనే. ఆ కుర్ర బ్యాచ్‌లో ఏ మగపిల్లవాడికైనా ‘జెంట్స్‌కి సూటబుల్’ అని ఎవరైనా చెప్పి ఉంటారా? వాడిని ఏం అడుగుతారు? లాజిక్ బాగుందా, లెక్కలు వచ్చా, జీతం ఎంత కావాలి. దీన్ని అడిగింది ఎన్నింటికి ఇంటికి చేరాలి అని. వాడి స్పెషలైజేషన్ వాడి బుర్రని బట్టి, దీని స్పెషలైజేషన్ ఇంకా చేసుకోని మొగుడి రాత్రి భోజనాన్ని బట్టి.

ఆ ఆరింటి సంగతి కూడా చూద్దాం. నాతో పాటు యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న స్నేహితురాలు పన్నెండేళ్ళుగా టెస్టింగ్‌లో ఉంది. ఫోన్ చేసి అడిగితే పకపకా నవ్వింది. రిలీజ్ తేదీ మారదు. కోడ్ రాసేవాళ్ళు రెండు రోజులు ఆలస్యం చేస్తే ఆ రెండు రోజులూ పోయేది వరసలో ఆఖరున ఉన్నవాళ్ళ ఖాతాలోంచి. సాయంత్రం అయిదింటికి వాళ్ళు ‘అయిపోయింది’ అని చేతులు దులుపుకుని వెళ్తే, ఈవిడ పని అప్పుడు మొదలవుతుంది. పిల్లవాడి స్కూల్ ఫంక్షన్లు ఎన్ని పోయాయో లెక్క చెప్పింది. మరి ఈ ఆరింటి పుకారు ఎవరు పుట్టించారే అంటే, “మా మామగారికి నేనే చెప్పాను, ఉద్యోగానికి ఒప్పుకోవాలిగా” అంది. నాకూ నవ్వొచ్చింది. తరవాత చాలాసేపు రాలేదు.

ఇది మన ఊరికే ప్రత్యేకం అనుకునేరు. అమెరికన్ చరిత్రకారిణి మార్గరెట్ రొసిటర్ 1982లో వచ్చిన తన పుస్తకంలో శాస్త్ర రంగంలో స్త్రీలని ఎలా పక్కకి పెట్టారో రెండు మాటల్లో విడదీసి చూపించింది. ఒకటి హద్దుల విభజన, అంటే కొన్ని శాఖలే ఆడవాళ్ళవి అనడం. రెండోది మెట్ల విభజన, ఏ శాఖలో ఉన్నా పై మెట్టు వాళ్ళది కాదనడం. అమీర్‌పేటలో రెండూ ఒకే ఫీజుతో దొరుకుతున్నాయి.

ఇందులో హాస్యం ఏమిటంటే, ప్రోగ్రామింగ్ అనే పనే మొదట ఆడవాళ్ళ హద్దులో పడేసిన పని. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఫిరంగి గుండ్లు ఎక్కడ పడతాయో లెక్కలు కట్టడానికి గణితం చదివిన అమ్మాయిలని పెట్టుకున్నారు. వాళ్ళ ఉద్యోగం పేరే ‘కంప్యూటర్’. ఆ లెక్కల కోసమే ఎనియాక్ అనే భారీ యంత్రాన్ని కట్టారు. యంత్రం కట్టడం మగవాళ్ళ గొప్ప పని, దానికి లెక్క ఎక్కించడం గుమాస్తా పని అని వాళ్ళ లెక్క. అందుకని ఆ పని ఆరుగురు అమ్మాయిలకిచ్చారు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. తీగలు పీకి పెడుతూ, స్విచ్చులు తిప్పుతూ, నేర్చుకోవడానికి పుస్తకం లేని విద్యని వాళ్ళే కనిపెట్టుకున్నారు. 1946 ఫిబ్రవరిలో యంత్రాన్ని లోకానికి చూపించిన రోజు పరుగెత్తిన ప్రోగ్రామ్ వాళ్ళు తయారుచేసిందే. ఆ రాత్రి విందుకి మాత్రం వాళ్ళని పిలవలేదు.

1952లో గ్రేస్ హాపర్ మొదటి కంపైలర్లలో ఒకటి తయారుచేసింది. 1967 ఏప్రిల్‌లో కాస్మోపాలిటన్ పత్రిక ‘కంప్యూటర్ గర్ల్స్’ అంటూ వ్యాసం వేసి, ఇది ఆడపిల్లలకి చక్కని ఉద్యోగం అని చెప్పింది. అందులో హాపర్ కూడా ప్రోగ్రామింగ్‌ని ఇంట్లో విందు ఏర్పాటు చేయడంతో పోల్చి చెప్పింది. ముందే అన్నీ ఆలోచించి పెట్టుకోవాలి, ఓర్పు కావాలి, అందుకని ఆడవాళ్ళు సహజంగా చెయ్యగలరు అని. మరి ఈ ‘సహజం’ ఎటు పోయింది? పనికి డబ్బు, హోదా వచ్చేసరికి అది ఇంజనీరింగ్ అయింది. ఇంజనీరింగ్ అయ్యాక దానికి కావలసింది ఓర్పు కాదు, తర్కం అని తేలింది. తర్కం ఎవరి సొత్తో మనకి చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు ఓర్పు టెస్టింగ్‌కి వచ్చి చేరింది. మా కౌన్సిలర్ మేడమ్ అన్న మాట కూడా అదేనట, “గర్ల్స్‌కి పేషెన్స్ ఎక్కువ”.

ఇంకొక సంగతి చెప్పాలి. ఆ ఆదివారమే మా పిల్ల ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పడుతూ ‘లిస్కోవ్ సూత్రం’ అని చదువుతోంది. జావాలో ఒక క్లాస్ ఇంకో క్లాస్ నుంచి పుట్టినప్పుడు, తల్లి క్లాస్ పనిచేసే ప్రతి చోటా పిల్ల క్లాస్‌ని నిలబెట్టినా ప్రోగ్రామ్ చెడిపోకూడదు. అదీ సూత్రం. “ఈ లిస్కోవ్ ఎవరే?” అన్నాను. “రష్యన్ సైంటిస్ట్ అయ్యుంటాడు పిన్నీ, మా సార్ ఆయన ఆయన అంటాడు” అంది. ఆవిడ బార్బరా లిస్కోవ్. 1968లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ తీసుకుంది, అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ పొందిన తొలి స్త్రీలలో ఒకతె. ఎం.ఐ.టి.లో 1970లలో ఆవిడ రూపొందించిన సి.ఎల్.యు. అనే భాషలోని ఆలోచనలు తరవాత వచ్చిన అనేక భాషల్లోకి ప్రవహించాయి. ఆ సూత్రాన్ని 1987లో ఒక ప్రసంగంలో చెప్పి, 1994లో జెనెట్ వింగ్ అనే మరో స్త్రీతో కలిసి శాస్త్రీయంగా నిర్వచించి రాసింది. 2008 సంవత్సరానికి ట్యూరింగ్ పురస్కారం అందుకుంది. 1966లో మొదలైన ఆ పురస్కారం ఒక స్త్రీకి మొదటిసారి అందింది 2006కి, ఫ్రాన్ అలెన్‌కి. నలభై ఏళ్ళు పట్టింది. ఈ ఫ్రాన్ అలెన్ లెక్కల టీచరు. చదువు అప్పు తీర్చుకుని మళ్ళీ బడికి వెళ్ళిపోదామని 1957లో ఐ.బి.ఎం.లో చేరింది. నలభై అయిదేళ్ళు ఉండిపోయింది.

మా పిల్ల రోజూ ఉదయం ఏడింటికి లేచి బట్టీ పడుతున్నది ఒక స్త్రీ ఆలోచనని. దానికి ఆ సంగతి తెలియదు. చెప్పేవాడికీ తెలియదు. మనం మొల్లనీ, ముద్దుపళనినీ తవ్వి తీశాం. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలు సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. సర్వనామం దగ్గరే చరిత్ర ఎలా తారుమారవుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు? మరి లక్షలాది తెలుగు పిల్లలు చదివే ఈ పాఠంలో ‘ఆయన’ని ‘ఆవిడ’గా దిద్దడం మన పని అని మనకెందుకు అనిపించలేదు?

అనిపించకపోవడానికి కారణం ఉంది. మనకి సాఫ్ట్‌వేర్ అమ్మాయి అంటే చిన్నచూపు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచి మన వ్యాసాల్లో ఆ రంగం ప్రపంచీకరణకి పర్యాయపదం అయింది. మన కథల్లో సాఫ్ట్‌వేర్ అమ్మాయి అయితే రాత్రి క్యాబ్‌లో భయపడుతూ ఉంటుంది, లేకపోతే జీతం మత్తులో తల్లిదండ్రులని మర్చిపోయి ఉంటుంది. డీబగ్ చేస్తూ ఎక్కడా కనిపించదు. అది ఏం పని చేస్తుందో మనం ఎప్పుడూ అడగలేదు. బీడీ కార్మికురాలి వేళ్ళ కదలిక మనకి తెలుసు, నాట్లు వేసే స్త్రీల నడుము నొప్పి మనకి తెలుసు, తెలియడం మంచిదే. కానీ 2008 తరవాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఆ కూలి తల్లుల కూతుళ్ళే ఇంజనీరింగ్ కాలేజీలకి వచ్చారు. వాళ్ళే ఇప్పుడు అమీర్‌పేట హాస్టళ్ళలో గదికి నలుగురేసి ఉండి జావా నేర్చుకుంటున్నారు. ఇంట్లో ఇంజనీర్ ఉన్న పిల్లకి ఏ శాఖ తీసుకోవాలో భోజనాల బల్ల దగ్గరే తెలిసిపోతుంది. ఇంట్లో మొదటిసారి చదువుకున్న పిల్లకి చెప్పేది ఫీజు వసూలు చేసే కౌన్సిలర్. ఈ పిల్లలకి మన స్త్రీవాదం ఏ భాషలో అందాలి?

నా సొంత సంగతి చెప్పకపోతే ఇది న్యాయం కాదు. ఎం.ఎ. అయ్యాక నేను ద్విపద మీద పనిచేద్దామనుకున్నాను. పాల్కురికి సోమనాథుడి దేశి ఛందస్సు, దాని నడక, పాటకి దానికి ఉన్న చుట్టరికం. నా పర్యవేక్షకులు చాలా మంచివారు. “ఛందస్సు ఎందుకమ్మా, తాళపత్రాలు, పాఠభేదాలు, ఊళ్ళు తిరగాలి. స్త్రీల నవలల మీద చేసుకో. పుస్తకాలు లైబ్రరీలో ఉంటాయి, మూడేళ్ళలో తేలిపోతుంది, ఆడపిల్లవి నీకు బాగా కుదురుతుంది” అన్నారు. కుదిరింది కూడా. ఆ పని వల్లే నేను ఈ పత్రికలో రాయగలుగుతున్నాను, దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆ ఏడాది మా శాఖలో వ్యాకరణం, ఛందస్సు, శాసనాలు తీసుకున్నవాళ్ళు అందరూ అబ్బాయిలే, నవల, కథ తీసుకున్నవాళ్ళు అందరూ అమ్మాయిలే. మాలో ఎవరమూ అది వింతగా చూడలేదు. తరవాత పోస్టుల ఇంటర్వ్యూల్లో ‘క్లాసికల్ వచ్చా’ అని అడిగినప్పుడు చూశాం. ద్విపద నాకు ఈ రోజుకీ లోపల ఎక్కడో లయగా కొట్టుకుంటూనే ఉంటుంది. అంచేత మా పిల్ల కాగితాన్ని నేను గుర్తుపట్టి ఉండాల్సింది. గుర్తుపట్టలేదు.

నాకు రాగల జవాబు తెలుసు. “నీకేం, వ్యాసం రాసి ఊరుకుంటావు. అర్ధరాత్రి సర్వర్ పడిపోయిందని ఫోన్ వస్తే లేచి కూర్చోవలసింది ఆ పిల్ల. చంటిపిల్ల ఏడుస్తుంటే ఎవరు చూస్తారు?” న్యాయమైన ప్రశ్నే. ప్రసూతి సెలవు 2017 సవరణతో 12 వారాల నుంచి 26 వారాలయింది, యాభైమంది, అంతకు పైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని కూడా ఆ సవరణే చెప్పింది. తండ్రికి మాత్రం ప్రైవేటు రంగంలో చట్టం ఇచ్చే సెలవు ఒక్క రోజు కూడా లేదు. కాబట్టి యజమాని కంటికి పిల్లలని కనేది స్త్రీ ఒక్కతే. ఈ అన్యాయాన్ని మార్చమని అడగాల్సిన చోట, దానికి తగ్గట్టు మన పిల్లల బుర్రని ముందే కత్తిరించి ఇస్తున్నాం. ఇంకా రాని కాన్పు కోసం, ఇంకా కుదరని సంబంధం కోసం ఇరవై రెండేళ్ళకే ఒక తలుపు మూసెయ్యమంటున్నాం. నాకు ఒంటికి పట్టనిది అదే.

మరి జావా కొత్తగా నేర్చుకునే పిల్లకి ఏం చెప్పాలి? నాకు ఆ విద్య రాదు. వచ్చినవాళ్ళని అడిగాను, పదేళ్ళకి పైగా కోడ్ రాస్తున్న ఇద్దరు స్త్రీలని. ఇద్దరూ మొదట అన్నది ఒకటే, ఈ తొందరే అనుమానించవలసినది అని. రెండు నెలల క్రితం ‘ఫర్ లూప్’ రాసిన మనిషిని జీవితాంతం ఏం చేస్తావు అని అడగడం ఫీజు కోసం తప్ప దేనికీ కాదు. కలెక్షన్లు, ఎక్సెప్షన్లు, థ్రెడ్లు చేతికి రావాలి, డేటాబేస్‌ని ప్రశ్నించే ఎస్.క్యు.ఎల్. రావాలి, ఇతరుల కోడ్ చదవడం రావాలి. అప్పుడు తనకి ఏది నచ్చుతోందో తనకే తెలుస్తుంది. జావా ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది సర్వర్ పక్కన, స్ప్రింగ్ దగ్గర. ఫోన్ల యాప్‌లు చేద్దామనుకుంటే 2019లో గూగుల్ కోట్లిన్‌కే మొదటి పీట అని ప్రకటించింది కనుక అదీ నేర్చుకోవాలి. డెవలప్‌మెంట్ అని చేర్చుకుని పాత ప్రోగ్రాములకి కాపలా పెట్టే ఉద్యోగాలూ బోలెడు ఉంటాయి, చేరే ముందు అడిగి తెలుసుకోవాలి. ఇప్పుడు యంత్రాలే కోడ్ రాసిపెడుతున్నాయి కదా అంటే, అది రాసినదాన్ని నమ్మకుండా చదవగలిగేవాళ్ళకి పని ఉంటుందన్నారు. అలా చదవడం టెస్టర్ విద్యే. అంటే ఆ గీతకి రెండు పక్కలా ఉన్నవి అంత వేరు కూడా కావు. ఎవరిని ఎటు నిలబెట్టాలో అన్నప్పుడే గీత అవసరం పడుతోంది.

సాహిత్యం వాళ్ళం కనుక ఒక్క ముచ్చట. పెద్ద పెద్ద కంపెనీల్లో క్షణక్షణం పుట్టే సమాచారాన్ని ఒక చోటినుంచి ఇంకో చోటికి మోసే ఒక వ్యవస్థ పేరు ‘కాఫ్కా’. రచయిత కాఫ్కా పేరే. రాయడం కోసం తీర్చిదిద్దిన వ్యవస్థ కనుక రచయిత పేరు పెట్టామని దాని సృష్టికర్తల్లో ఒకరైన జే క్రెప్స్ చెప్పాడు. జావాలోనూ, దాని బంధువైన స్కాలాలోనూ రాశారు. లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఆ వ్యవస్థని తయారుచేసిన ముగ్గురిలో ఒకతె పుణెలో పెరిగిన నేహా నార్ఖెడే. రాత్రుళ్ళు పడిపోతే లేచి చూసుకోవలసిన పని అంటే ఇదే, సర్వర్ల గుండెకాయ దగ్గరి పని. ఆవిడని ఎవరో కూర్చోబెట్టి ఇది లేడీస్‌కి సూటబుల్ కాదని చెప్పే ఉంటారు. లేక చెప్పేవాళ్ళు లేకుండా పెరిగిందేమో, అదృష్టవంతురాలు. ఒక్క నేహా పేరు చెప్పి అందరినీ అలా అవ్వమనడం నా ఉద్దేశం కాదు. అలాంటి విజయగాథలు మనం ఆదివారం అనుబంధాల్లో చాలా చదివాం. మా పిల్లకి ఎవరిలాగో అవ్వనక్కరలేదు. థ్రెడ్లంటే దానికి సరదా. రెండు థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కదలకుండా ఆగిపోయే ‘డెడ్‌లాక్’ని ఆ రోజు మా వంటింటి గట్టు మీద ఉప్పు డబ్బా, కారం డబ్బా పెట్టి నాకు అర్థమయ్యేలా చెప్పింది. చెబుతున్నప్పుడు దాని మొహం చూడాలి. ఆ కాగితం మీద ఆ సంగతి ఎక్కడా లేదు.

సోమవారం అది టెస్టింగ్‌కి ఫీజు కట్టలేదు. స్ప్రింగ్ బ్యాచ్‌లో చేరింది, పొద్దున్న ఏడింటికి. ఇంట్లో మాత్రం ఇంకా చెప్పలేదు. “నువ్వు నాన్నకి చెప్పు పిన్నీ, నువ్వు చెబితే వింటాడు” అంది. సరేనన్నాను. బావగారికి ఫోన్ చెయ్యాలి. మూడు వారాలయింది, ఇంకా చెయ్యలేదు.